గడియ వేసిన తరగతి

2022వ సంవత్సరం. మేడ్చల్ సమీపంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో చరిత్ర అధ్యాపకుడిగా నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. బి.ఏ. చివరి సంవత్సరం వారికి 'పాశ్చాత్య సంస్కృతిపై కాథలిక్ మత ప్రభావం' అనే ఎలక్టివ్‌ను, అంటే విద్యార్థులు తామే ఎంచుకునే పాఠ్యాంశాన్ని, బోధించేవాణ్ణి. చిత్రకళ, సంగీతం, విశ్వవిద్యాలయాలు ఆ మతం నీడన ఎలా రూపుదిద్దుకున్నాయో అందులో చెప్పాలి. మన పిల్లలకు అదెందుకని సహాధ్యాపకులు నవ్వేవారు. నేను పట్టించుకోలేదు.

అందులో నాకు ప్రియమైన భాగం మఠాల దినచర్య. ప్రార్థనకు, పనికి, పఠనానికి వేళలు నిర్ణయించుకుని, గంట మోగగానే చేతిలో పని వదిలి లేచిన ఆ సన్యాసుల నుంచే పాశ్చాత్యులు కాలనియమం నేర్చుకున్నారని చెప్పి, నా తరగతి తలుపు చూపేవాణ్ణి. ఎనిమిదిన్నరకు బెల్లు కాగానే గడియ వేయడం నా నియమం. ముప్ఫై ఏళ్లలో దాన్ని సడలించలేదు.

సునంద గాజులరామారం అమ్మాయి. మందుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో ప్యాకింగ్ పని చేసేది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చేదాకా కదలడానికి వీల్లేదు. బస్సు దిగి పరుగెత్తినా, నా గడియ పడిన పది నిమిషాలకు గానీ చేరేది కాదు. బి.ఇడి. చేసి టీచరై, ఆ పని నుంచి బయటపడాలని ఆమె ఆశ. ఇదంతా నాకు తరువాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఆమె ఆలస్యం ఒక్కటే.

ఆమె వెనక్కి వెళ్లిపోయేది కాదు. కిటికీ కింద వరండాలో కూర్చుని పాఠం రాసుకునేది. అటెండరు యాదగిరి ఒకనాడు ఉండబట్టలేక అన్నాడు.

"సార్, గా బిడ్డ మళ్ల బయట్నే కూసుంది. లోపటున్నోళ్లు కునుకుతుండ్రు, బయటున్నది రాస్తాంది. గీ గడియ ఎవలి కోసమో నాకైతె సమజైతలేదు."

"నీ పని గంట కొట్టడం, యాదగిరీ."

"కొడ్తనే ఉన్న సార్. బస్సు రాలేదని గంటకేం ఎరుక?"

సెమిస్టరు ముగిసింది. పరీక్ష రాయాలంటే హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి. కొంత తగ్గితే అధ్యాపకుడి సిఫారసుపై మన్నిస్తారు; దాన్ని కండొనేషన్ అంటాం. అది లేకుంటే డిటెయిన్ చేస్తారు, అంటే ఆ ఏటికి పరీక్ష లేదు. సునందకు కావలసింది నా సంతకం.

ఆమె స్టాఫ్‌రూముకు వచ్చి తన అసైన్‌మెంటు బల్ల మీద పెట్టింది.

"ఒక్క సంతకం పెట్టుండ్రి సార్. నేను ఒక్క పాఠం గూడ ఇడువలేదు."

"తరగతి అంటే తలుపు లోపల జరిగేది, అమ్మాయీ."

ఆమె కదలలేదు. "మా గల్లీ చర్చిల సిస్టరమ్మను అడిగి, మఠం నియమాల బుక్కు తెచ్చుకొని సదివిన సార్. లేటొచ్చినోళ్లను బయట ఉంచొద్దని రాసుంది. అందరు చూసేటట్టు ఆఖర్న నిలవెట్టాలంట. సిగ్గయితె మంచిదేనంట. గని లోపట్నే ఉంచాలంట. బయట ఉంచితె మనిషి మొత్తానికే పోతడంట."

ఇన్నేళ్ల బోధనలో ఆ నియమం నా కంటపడలేదు. ఏనాడో రాసుకున్న నా నోట్సు గంట దగ్గరే ఆగిపోయింది. ఆ సంగతి ఒప్పుకోవలసింది. ఒప్పుకోకుండా, "మఠం వేరు, కళాశాల వేరు" అన్నాను.

"గంట ఆడికెంచే వచ్చిందని మీరే చెప్తిరి గద సార్."

ఆ గొంతులో ఎగతాళి లేదు. నేను సంతకం పెట్టలేదు.

వారం తరువాత ఆమె అసైన్‌మెంటు దిద్దుతుండగా ఆ నియమం గుర్తొచ్చి, అనుమానం తీరక ఆ చర్చికి వెళ్లి పుస్తకం అడిగి చూశాను. ఆమె చెప్పినది చెప్పినట్టే ఉంది. ఇరవైకి పంతొమ్మిది మార్కులు వేసి, ప్రిన్సిపాల్‌ను కలిశాను. డిటెయిన్ అయినవారి జాబితా విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయిందని, ఇక చేయగలిగింది లేదని ఆయన అన్నారు. సునందకు ఫోన్ చేశాను.

"పర్వాలేదు సార్. ఇగ డబుల్ షిఫ్టుకు ఒప్పుకున్న. వచ్చే ఏడు జూద్దాం."

ఆ వచ్చే ఏడు ఆమె రాలేదు. విరమణ దాకా నేను మళ్లీ గడియ ముట్టుకోలేదు.

నిరుడు గ్రంథాలయానికి పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి కళాశాలకు వెళ్లాను. నా తరగతి తలుపు గడియ వేసి ఉంది. కిటికీ కింద, ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. నా స్థానంలో వచ్చిన అధ్యాపకుడు పాఠం ముగించి బయటికి వచ్చి నమస్కరించాడు.

"మీ పద్ధతే సార్. చివర్లో వయసు మీదపడి మీరు మెత్తబడ్డారట గానీ, మళ్లీ దారిలో పెట్టాను."

మిగతా నియమం అతనికి చెప్పాను. మర్యాదగా విని, గడియారం చూసుకుని, తరువాతి తరగతికి వెళ్లిపోయాడు.

సగం చదివిన నియమంలో మిగతా సగాన్ని మనిషి తన స్వభావంతో పూరిస్తాడని ఈ వృత్తి నాకు నేర్పింది. నేను పూరించిన సగం నేను లేకపోయినా నడుస్తోంది.