రాణిబొమ్మ రూపాయలకు తలంటు

వెండి నాణేలను సర్వనాశనం చేయడానికి దొంగలూ వరదలూ అక్కర్లేదు, కాస్త భక్తి ఉంటే చాలు. ఎలాగంటారా? మీరు నవ్వుతూ చదవండి, నేను లెంపలేసుకుంటూ రాస్తాను.

మాది కళింగపట్నం. మా ఆయన్ని నేను మావ అనే పిలుస్తాను. ఆ ఏడు మావ పడవ ఇంజను చచ్చి ఊరుకుంది. సొంత పడవ ఇసుకలో బోర్లా పడుంటే, మావ పరాయి పడవలో కూలికి వేటకు పోయేవాడు. అది చూడలేక మా అత్త పెట్టె అడుగునుంచి గుడ్డమూట తీసింది. వాళ్లయ్య దాచిన రాణిబొమ్మ రూపాయలు, కాకులు సిగ్గుపడేంత నల్లగా ఉన్నాయి.

"ఇయ్యి అమ్మేసి ఇంజను కొనుక్కోరా," అంది కొడుకుతో. తండ్రి గుర్తుగా ఆవిడకు మిగిలినవి అవే.

విశాఖలో పాత నాణేలు వేలం వేసేవాళ్లకు మావ ఫొటోలు పంపాడు. వాటిలో ఒకటి చాలా అరుదైనదట. ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి గ్రేడు వేస్తారట, దాన్నిబట్టి పాట పెరుగుతుందట. వాళ్ల మనిషి శుక్రవారం వస్తానన్నాడు.

"ఉన్నయి ఉన్నట్టే ఉంచమన్నాడే," అని చెప్పి మావ వేటకు పోయాడు.

ఉంచాను, గురువారం సాయంత్రం దాకా! బడి మొహం చూడకుండా మా నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని. శుక్రవారం లక్ష్మి మాసిపోయి ఉండకూడదన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. పైగా పెళ్లిచూపులకు పిల్లని మసిమొహంతో కూర్చోబెడతామా, మీరే చెప్పండి!

చింతపండు రసంలో నానబెట్టి, విభూతి అద్ది, కొబ్బరిపీచుతో తోమడం మొదలెట్టాను. అత్త తొంగిచూసింది.

"ఏటే అది? ముట్టొద్దన్నాడు కదే!"

"లచ్చిందేవికి మొహం కడగడం ముట్టడమేటత్తా?"

ఆవిడ మెత్తబడింది. "మా అయ్య సూస్తే మురిసిపోయేవోడే," అంది. నాణేలు చంద్రుడి పిల్లల్లా మెరిశాయి. పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

శుక్రవారం ఆ పెద్దమనిషి వచ్చి భూతద్దం తీశాడు. ఒకటి చూశాడు, ఇంకొకటి చూశాడు. ఆరబెట్టిన చేపల మీద వాన పడితే మా వీధి మొహం ఎలా మారుతుందో, ఆయన మొహం అలా మారింది.

"ఎవరు తోమారమ్మా?"

"నేనే బాబూ," అన్నాను, మెప్పుకోసం తల వంచుకుని.

"ఆ నలుపు మురికి కాదు తల్లీ. ఇన్నేళ్లూ ఎవరూ తాకలేదనడానికి అదే సాక్ష్యం. ఇప్పుడన్నీ గీతలే. వీటికి గ్రేడు రాదు."

"పోనీ పొయ్యి మీద పెట్టి మళ్లీ నల్లగా చెయ్యనా?"

ఆయన నాణేలను గుండెకు హత్తుకున్నాడు. "మీకు పుణ్యముంటుంది, ఇంకేమీ చెయ్యకండి!"

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక పోయిందంటారు. నేను ఉన్న నాలుకనే చింతపండేసి తోమేశాను.

పాపం మంచి మనిషి, 'తోమినవి' అని చీటీ పెట్టి వేలంలో ఉంచాడు. వచ్చినవాళ్లు తిప్పి చూసి, నిట్టూర్చి, కింద పెట్టారట. ఒక్క పాటా లేకుండా పుట్టింటికొచ్చిన కూతుళ్లలా తిరిగొచ్చాయి.

చివరికి రాజాంలో వెండి కొట్టుకు తీసుకెళ్లాం. షావుకారు తూచి, అద్దాల్లోంచి నావైపు చూశాడు.

"ఉండాల్సిన తూకంకన్నా కూడా తగ్గాయమ్మా. గట్టిగానే తోమారు!"

ముందు నవ్వింది అత్తే. తర్వాత ఆ రూపాయలను ఒక్కొక్కటే వేలితో తడిమి, కళ్లొత్తుకుని, షావుకారు వైపు జరిపింది.

ఆ డబ్బుకి ఇంజను కింద నీళ్లలో తిరిగే ఫ్యాను వచ్చింది, ఇంజను రాలేదు. మావ ఆ ఏడంతా పరాయి పడవలోనే పోయాడు. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. అలాంటి మనుషుల్ని ఇచ్చినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెడతాను, కానీ తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

అందుకే దీపం సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో నల్లగా ఉన్న ఏ వస్తువునీ అడక్కుండా తోమను. అట్లపెనమైనా సరే, వేలంవాళ్లు చూసి 'ఇది మాకు పనికిరాదు' అన్నాకే పీచు పడతాను.