వంగినా జారని టార్చి

పర్చూరు చుట్టుపక్కల చికెన్ బిర్యానీ అంటే వంట మాస్టారు నన్నే సాహెబ్, నన్నే సాహెబ్ అంటే చికెన్ బిర్యానీ. మిర్చి అమ్ముకున్న రైతు ఫంక్షన్ పెట్టుకోవాలనుకుంటే, హాలు కంటే ముందు ఆయన్నే మాట్లాడుకునేవాడు. పొట్టి మనిషి. గళ్ళ లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతిలో వాళ్ళ నాన్న వాడిన పొడుగాటి ఇనుప గరిటె. డేగిసా మూత తీసి, ఆవిరిలోకి తల పెట్టి, ఒక్క పీల్పు పీల్చి "అయ్యింది" అన్నాడంటే అయ్యిందన్నమాటే, ఇంకొకరు రుచి చూడక్కర్లేదు. అలాంటి మనిషిని ఇప్పుడు ఊరు ఊరంతా "కొక్కొరొకో మాస్టారు" అంటోంది. ఆ పేరెలా వచ్చిందో ముందు చెప్పుకోవాలి. తప్పు కోడిది కాదు, జేబుది.

పోయిన మాఘంలో ఒక పెళ్ళి. వంట హాలు వెనక రేకుల షెడ్డులో. అలాంటి షెడ్లలో మిట్టమధ్యాహ్నం కూడా డేగిసా లోపల చీకటే. అసలే లోతు, పైగా ఆవిరి. అడుగున మసాలా ఇగిరిందో, నీళ్ళు తేలాయో చూడాలంటే వెలుగు కావాలి. నన్నే సాహెబ్ బటన్ ఫోన్ నెత్తిన చిన్న టార్చి ఉంది కదా, దాన్ని వెలిగించి చూశాడు. తృప్తిపడ్డాడు. ఫోన్ చొక్కా జేబులో వేసుకుని, ముచ్చట తీరక ఇంకోసారి వంగి వాసన పీల్చాడు. ఫోన్ చప్పుడు చెయ్యకుండా జారి అన్నంలోకి దిగిపోయింది. ఆ సమయానికి ఆయన కళ్ళు మూసుకుని ఆనందంలో ఉన్నాడు.

కాసేపటికి పెళ్ళివారి బంతిలో, సరిగ్గా వియ్యంకుడి ముందు నిలిపిన బిర్యానీ బేసిన్లోంచి కోడి కూసింది. "కొక్కొరొకో!"

తెల్లవారుజామున వంటలకు లేవడానికి పనికొస్తుందని నన్నే సాహెబ్ అలారానికీ, రింగ్‌టోన్‌కీ పెట్టుకున్న కూత అది. వడ్డించేవాడు గరిటె వదిలేశాడు. వియ్యంకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కోడి మళ్ళీ కూసింది. మొగుడు అన్నం తిన్నాడో లేదో కనుక్కుందామని ఇంటి దగ్గర నుంచి నజీరా పట్టు వదలకుండా ఫోన్ చేస్తూనే ఉంది.

"ఉడకలేదురోయ్, ఇంకా బతికే ఉంది!" అని ఎవడో అరిచాడు. ఇక చూసుకోండి. మిగిలిన డేగిసాల్లో అన్నం బ్రహ్మాండంగా ఉందని, అందరూ మారు వడ్డించుకుని మరీ తిన్నారని ఎవరికీ గుర్తు లేదు. కోడి మాత్రం గుర్తుండిపోయింది. ఆ రోజు నుంచి నన్నే సాహెబ్ టీ కొట్టు ముందు నుంచి వెళ్తే కొక్కొరొకో, బస్సెక్కితే కొక్కొరొకో. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు గానీ, ఇంటికొచ్చాక తోమిన గరిటెనే మళ్ళీ మళ్ళీ తోముతూ కూర్చునేవాడు.

అందరికంటే గట్టిగా కూసినవాడు బుల్లయ్య. డెబ్భై దాటిన మిర్చి రైతు, గొంతు మాత్రం పాతికేళ్ళ వాడిది. అదే బుల్లయ్య ఒక పొద్దున నన్నే సాహెబ్ ఇంటి ముందు బండి ఆపాడు.

"ఒరేయ్ నన్నే, మా తేజశ్రీకి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. వంట నువ్వే చెయ్యాల."

"చేస్తా బాబాయ్, అంతకంటేనా!"

"మా ఇంట్లోవాళ్ళు ఒంగోలు నుంచి కేటరింగోళ్ళని పెడదామంటన్నారు. నేనే కాదన్నా. నా పెళ్ళికి మీ నాయన వండాడు, నా మనవరాలికి నువ్వు వండకపోతే ఎట్టా అన్నా. కానీ ఒకటిరా. ఈసారి డేగిసాలో ఏదన్నా పడిందా, ఆ గరిటె మా ఇంట్లో పెట్టేసి పో. మళ్ళీ ముట్టుకోబాక."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వులో ఇంటిల్లిపాది మాటా ఉందని నన్నే సాహెబ్‌కి అర్థమైంది. బుల్లయ్య ఇంట్లో పరువు నిలబడితే ఊళ్ళో నిలబడ్డట్టే. అక్కడ పోయిందా, ఇక ఎవరూ పిలవరు. గరిటె లేకపోతే నన్నే సాహెబ్ ఎవరు? లుంగీ కట్టుకున్న ఒక పొట్టి మనిషి, అంతే.

అందుకని ముందు ఫోన్ సంగతి తేల్చాడు. వంట రోజున కొత్త ఫోన్ నజీరా దగ్గరే ఉంటుంది. అప్పుడు ఆవిడ ఎవరికి చేసుకుంటుందో ఆవిడిష్టం. మరి వెలుగు? సహాయానికి వచ్చే బుడాన్‌ని టార్చి పట్టుకోమంటే, వాడి వెలుగు అన్నం మీద కంటే వచ్చిన చుట్టాల మీదే ఎక్కువ పడుతుంది. కాబట్టి తనకంటూ ఒక టార్చి ఉండాలి, జేబులో పట్టేది, ఎప్పుడూ ఒంటి మీదే ఉండేది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చిలకలూరిపేట బస్సెక్కారు.

కొట్టు అనిల్ కుమార్‌ది. మోటారు సామాన్ల నుంచి పెళ్ళి లైట్ల దాకా అన్నీ ఉంటాయి.

"ఎట్టాంటి టార్చి కావాలి మాస్టారూ?"

"వంగినా జారనిది."

అనిల్ కుమార్ పొలానికి తీసుకెళ్ళే టార్చి అమ్మాడు, పామును చూసే టార్చి అమ్మాడు. ఈ రకం ఎప్పుడూ వినలేదు.

"అంటే ఏందంటే," అని నన్నే సాహెబ్ విడమరిచాడు. "బరువుండకూడదు. ఒంటికి గుచ్చుకోకూడదు. చేతికి నెయ్యి అంటినా పట్టు ఉండాలి. జేబులో ఉన్నట్టే తెలీకూడదు, కావాలన్నప్పుడు చటుక్కున రావాలి."

"మీరడిగేది టార్చినా, అల్లుడినా?" అన్నాడు అనిల్ కుమార్.

నజీరాకి నవ్వాగలేదు. స్టూలు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

నన్నే సాహెబ్ మాత్రం పనిలో పడ్డాడు. కొట్టు తుడిచే బకెట్ అడిగి తెప్పించుకుని నడిమధ్యన పెట్టాడు. అది డేగిసా అన్నమాట. ఒక్కో టార్చీ జేబులో వేసుకోవడం, బకెట్ మీదికి వంగి వాసన పీల్చడం. పొలం టార్చి వేసుకుంటే చొక్కా ఆ పక్కకి బొడ్డు దాకా దిగింది. డాక్టర్లు గొంతు చూసే పెన్ను టార్చి వంగీ వంగకముందే బకెట్లో పడి టంగుమంది. తాళం చెవులకు తగిలించుకునే పిల్ల టార్చి పడలేదు గానీ, అది ఆయనకు నచ్చలేదు.

"ఇది పడితే జీడిపప్పనుకుని ఎవరో మింగేస్తారు," అన్నాడు.

తర్వాత అనిల్ కుమార్ తలకు కట్టుకునే లైటు తీసి కట్టాడు. నన్నే సాహెబ్ ఎలా ఉన్నానని అడగడానికి నజీరా వైపు తిరిగాడు. "అయ్యో, నా కళ్ళు! నువ్వు నన్ను చూడబాకయ్యా!" అని ఆవిడ అటు తిరిగిపోయింది. అనిల్ కుమార్ వైపు తిరిగితే అతనూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మాట్లాడాలని ఎవరి ముఖం చూసినా తిట్లు తినిపించే వస్తువు పెళ్ళిళ్ళలో తిరిగేవాడికి పనికిరాదని తీసేశాడు.

అప్పుడు సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచాడు. పొద్దున్నే వండి తెచ్చిన బిర్యానీ. కొట్టంతా ఘుమఘుమ. వైర్లు కొనడానికొచ్చినవాళ్ళు వైర్లు మర్చిపోయి చుట్టూ చేరారు. తెల్ల వెలుగు టార్చి వేస్తే అన్నం జ్వరమొచ్చి లేచినట్టు పాలిపోయింది. ఇంకోటి నీలం కొట్టింది. చివరికి ఒక చిన్న టార్చి, బొటనవేలంత పొడుగు, పలకగా, అంచులు గుండ్రంగా, ఒంటినిండా గరుకు గీతలు, వెనక క్లిప్పు. నొక్కితే పసుప్పచ్చటి వెలుగు. ఆ వెలుగులో ముక్క ముక్కా, మెతుకు మెతుకూ వేరుగా, వేయించిన ఉల్లిపాయ బంగారు రంగులో మెరిసింది.

"అబ్బా!" అన్నారు వైర్ల కోసం వచ్చినవాళ్ళు.

జేబుకు క్లిప్పు తగిలించి వంగాడు. పడలేదు. ఇంకా వంగాడు. పడలేదు. బకెట్ ముందు నన్నే సాహెబ్ రెండు చేతులూ పైకెత్తి గెంతాడు. టార్చికి డబ్బులిచ్చి, డబ్బాలో బిర్యానీ కూడా కొట్టువాడికే ఇచ్చేశాడు. తిరుగు బస్సులో పర్చూరు వచ్చేదాకా వెలిగించడం, ఆర్పడం, ముందు సీటువాళ్ళ సంచుల్లో ఏముందో చూడడం. "చిన్నపిల్లాడివా?" అని నజీరా తిట్టింది. ఆ తిట్టేదాంట్లో ఆవిడకీ సంతోషమే.

సంతోషం మర్నాడు మధ్యాహ్నం నమాజు దాకా నిలిచింది.

రోజుకు ఐదుసార్లు వంగే మనిషికి డేగిసా మీది వంగుడు ఒక లెక్కా? అసలు పరీక్ష మసీదులో ఉందని ఆయనకు తట్టనేలేదు. టార్చి జేబులో ఉండగా నమాజుకు రావడం అదే మొదటిసారి. నుదురు నేలకు ఆనించేసరికి, ఉతికి ఉతికి పల్చబడ్డ జేబు గుడ్డ మీంచి క్లిప్పు జారింది. టార్చి నున్నటి గచ్చు మీద సర్రున ముందు వరసలోకి పోయి, పక్కింటి రంజాన్ మోకాలికి తగిలి, ఆ తగలడంలో మీట నొక్కుకుని మిణుకు మిణుకుమనడం మొదలుపెట్టింది. నమాజులో నవ్వకూడదు. ఎవరూ నవ్వలేదు. కానీ వరస మొత్తం భుజాలు అదిరాయి.

నమాజు అయ్యాక రంజాన్ టార్చి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "మాస్టారూ, మీ కోడి. ఇది కూయదనుకుంటా, కన్ను కొడతంది," అన్నాడు.

నన్నే సాహెబ్ ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాడు. గరిటె మూల నుంచి తీసి పక్కన పెట్టుకున్నాడు. అది చూసి నజీరా వచ్చి మంచం అంచున కూర్చుంది. మనిషి నవ్వితే ఇల్లంతా నవ్వే ఇల్లు అది.

"టార్చి మంచిదేనయ్యా," అంది చివరికి. "జేబే తప్పు. దర్జీలు జేబు తెచ్చి రొమ్ము మీద పెడతారు. వంగితే దాని నోరు కిందికే కదా ఉండేది? పడక ఏం చేస్తది? లే. లేచి వంగు."

"ఎందుకే?"

"వంగమంటన్నానా!"

వంగాడు. చీరలకు ఫాల్స్ కుట్టే మిషను పక్కనుంచి సుద్ద ముక్క తెచ్చి, ఆయన వంగి ఉండగానే బనీను మీద, చంక కింద పక్కటెముకల దగ్గర గీత గీసింది. అక్కడ పక్కపాటుగా ఒక అడ్డజేబు కుట్టింది. దాని నోరు వీపు వైపు. నిలబడితే టార్చి ఒంటికి ఆనుకుని పడుకుంటుంది. బిగువుగా కుట్టింది కాబట్టి వెనక్కి రాదు. వంగితేనో, వీపు పైకి వస్తుంది, దాంతో జేబు నోరూ పైకే. మనిషి వంగితే జేబు నిలబడుతుందన్నమాట!

నన్నే సాహెబ్ వంగాడు. ఖాళీ డేగిసాలోకి తల దూర్చాడు. గొంతుక్కూర్చున్నాడు, నమాజులోలా నుదురు నేలకానించి సజ్దా చేశాడు, గుంజిళ్ళు తీశాడు. టార్చి కదల్లేదు. గుచ్చుకోలేదు. అసలుందో లేదో తెలియక తడిమి చూసుకున్నాడు. ఆ ఆనందంలో నజీరాని చెయ్యి పట్టుకుని డేగిసా చుట్టూ తిప్పాడు. "వదులయ్యో, ఎవరన్నా చూస్తారు!" అంటూనే ఆవిడా తిరిగింది.

ఓణీల ఫంక్షన్ రోజు వచ్చింది. స్టేజీ మీద తేజశ్రీ బుట్టబొమ్మలా కూర్చుంటే, జనం సగం వెనక షెడ్డు దగ్గరే ఉన్నారు. డేగిసాలో ఏం పడుతుందోనని ఆశ. వడ్డన చూడ్డానికి నజీరా కూడా వచ్చింది. బుల్లయ్య ఇస్త్రీ జుబ్బాలో వచ్చి డేగిసా పక్కనే నిలబడ్డాడు. ఆవిరికి మసకేస్తోందని కళ్ళజోడు తీసి పై జేబులో పెట్టుకున్నాడు.

మూత చుట్టూ అంటించిన పిండి పగలగొట్టి, నన్నే సాహెబ్, బుడాన్ కలిసి మూత ఎత్తారు. గుప్పుమంది. నన్నే సాహెబ్ చంక కిందికి చెయ్యి పోనిచ్చి టార్చి తీశాడు. పసుప్పచ్చటి వెలుగు అడుగు దాకా దిగింది. చూశాడు. టార్చి మళ్ళీ పక్కలో పెట్టుకున్నాడు. జనం మెడలు సాచారు. ఆయన వంగి, కళ్ళు మూసుకుని, తనివితీరా పీల్చి, లేచాడు.

"అయ్యింది."

ఏమీ పడలేదు. జనం ముఖాలు వాడిపోయాయి. బుల్లయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది.

"శభాష్‌రా! ఏదీ, నన్ను కూడా ఓసారి పీల్చనీ," అని ఆయనా డేగిసా మీదికి వంగాడు.

కళ్ళజోడు జేబులోంచి జారి, మెత్తగా, అన్నంలోకి దిగిపోయింది.

చూసింది నన్నే సాహెబ్ ఒక్కడే. ఆయన గుండె జారింది. చెబితే పెద్దాయన మనవరాలి ఫంక్షన్లో నవ్వులపాలవుతాడు. చెప్పకపోతే అది ఎవరి ప్లేట్లోనో తేలుతుంది, గరిటె పోతుంది. ఒక చేత్తో టార్చి వెలిగించి, రెండో చేత్తో నాన్న గరిటె మెల్లగా దింపాడు.

"మళ్ళీ పడిందిరోయ్!" అని వెనక నుంచి కేక. "కొక్కొరొకో!" అని షెడ్డంతా ఒక్కసారి కూసింది.

గరిటె పైకి వచ్చింది. దాని మీద కళ్ళజోడు, ఒక అద్దానికి పుదీనా ఆకు, ఇంకో అద్దానికి ఉల్లిపాయ. బుల్లయ్య చెయ్యి తన జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ.

"నాదే," అన్నాడు నన్నే సాహెబ్, ముందూ వెనకా చూడకుండా. "నా కళ్ళజోడే పడింది."

ఆయన పుట్టి బుద్ధెరిగి కళ్ళజోడు పెట్టుకోలేదని ఊరందరికీ తెలుసు. బుల్లయ్య ఆయన్నీ, గరిటెనీ, మూసుకుపోయిన జనం నోళ్ళనీ చూశాడు.

"నీకు కళ్ళజోడెక్కడిదిరా, అబద్ధాలకోరు సచ్చినోడా!" అని అరిచాడు పాతికేళ్ళ గొంతుతో. "నాదిరా! నాదే పడింది! అందరూ వినండెహె, పడేసింది బుల్లయ్య! ఆ గరిటె జోలికి ఎవడన్నా వచ్చాడో, ఊరుకునేది లేదు!"

నన్నే సాహెబ్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. రెంటిలో నవ్వే గెలిచింది. పెద్దాయన చెవి దగ్గరికి వంగి, మెల్లగా, మర్యాదగా అన్నాడు.

"కొక్కొరొకో, బాబాయ్."

బుల్లయ్య ఒక్క క్షణం గుడ్లురిమాడు. తర్వాత డేగిసా అంచు పట్టుకుని పడీ పడీ నవ్వాడు. జనం నవ్వారు, బుడాన్ మూత మీదే కూలబడి నవ్వాడు. ఏమైందో తెలియని తేజశ్రీ ఓణీ ఎత్తిపట్టుకుని స్టేజీ దిగి పరుగెత్తుకొచ్చింది. కళ్ళజోడు పడిన చోట పైపొర తీసి బుల్లయ్యకే పెట్టారు. అక్కడే నిలబడి తిన్నాడు.

తినడం అయ్యాక కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, నన్నే సాహెబ్ పక్కటెముకల వైపు పరీక్షగా చూశాడు.

"అమ్మాయ్ నజీరా, నా జుబ్బాకి కూడా ఆ జేబొకటి కుట్టిపెట్టమ్మా."

నజీరా కొంగు ముడిలోంచి సుద్ద ముక్క తీసింది.

"దాందేముంది బాబాయ్," అంది. "వంగండి."