సిస్టరమ్మ గారి ఇటలీ దీపం

ఆ రోజుల్లో దయ్యాలు లేవని చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. బాపట్ల నుంచి రేపల్లె బడికి కొత్తగా వచ్చిన సైన్స్ టీచర్ని. పగలంతా పిల్లలకు ధైర్యం నూరిపోసి, సాయంత్రం అద్దెకున్న ఇంట్లో హాలు దాటి నా గదికి వెళ్లలేక, వీధి అరుగు మీదే పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. (చల్లగాలి కోసమని చెప్పేదాన్ని. దోమలకు నిజం తెలుసు.) దానికంతటికీ కారణం ఆ హాల్లో ఉన్న ఒక గాజు టేబుల్ లైటు.

ఇంటావిడ రిటైరైన నర్సు. ఊరంతా సిస్టరమ్మ గారనేవారు. ఓడలో పనిచేసే తమ్ముడు ఇటలీ నుంచి తెచ్చిన ఆ దీపం ముందు నన్ను మొదటి రోజే కూర్చోబెట్టారు. “అచ్చు పోసింది కాదమ్మాయ్, నోటితో ఊదింది. కరిగిన గాజుని ఇనప గొట్టం చివర తీసుకుని, ఊదుతూ తిప్పుతూనే ఉండాలంట. తిప్పడం ఆపితే పాకంలా జారిపోద్దంట. తమ్ముడు అక్కడ నిలబడి కళ్లారా చూశాడు.” లేత ఆకుపచ్చ గాజు లోపల తెల్లటి దారాలు జడలా మెలికలు తిరిగి ఉన్నాయి. అడుగున, చివర్లో పట్టుకునే ఇనప కడ్డీ నుంచి విడగొట్టిన చోట, గరుకు మచ్చ. “ఇది దాని బొడ్డు. చెయ్యి పెట్టి చూడు.” పెట్టాను. చల్లగా ఉంది. “ఊదినవాడు ఎప్పుడో పోయుంటాడు. ఊపిరి మాత్రం ఇందులోనే ఉంది,” అని ఆవిడ మామూలుగా టీ పెట్టడానికి లేచారు. నేను చెయ్యి కొంగుకి మూడుసార్లు తుడుచుకున్నాను.

దాని స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండేది. దీపం మాత్రం వెలిగేది కాదు. పాడైందనుకున్నాను. వారం తిరక్కముందే, ముసురు పట్టిన ఒక సాయంత్రం ఐదింటికి, బడి నుంచి పెందలాడే వచ్చి నేను హాల్లో ఒక్కదాన్నే ఉండగా, అది దానంతటదే వెలిగింది. తెల్లదారాలు కదిలినట్టయింది. కిటికీ అద్దాలు వణికాయి. (వణుకుతున్నది నేనే అనుకున్నాను. అదీ నిజమే.) గోడంతా పాకుడు రంగు పాకి, అర నిమిషం తర్వాత ఆరిపోయింది. సిస్టరమ్మ గారు వంటింట్లోంచి తొంగిచూశారు.

“వచ్చాడా?”

“ఎవరండి?”

“మా తమ్ముడు. సాయంత్రం తెనాలి బండికి వస్తానక్కా అని ఉత్తరం రాశాడు. ఎక్కిన ఓడ ఒడ్డుకి రాలేదు.” అని మూడు కప్పుల్లో టీ పోశారు. ఆ మూడో కప్పు వంక చూడకుండా టీ తాగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కొత్త ఉద్యోగం కోసమని వంక పెట్టి ఒక సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టించాను. అయ్యగారు (మా చర్చిలో పాస్టరుని అలాగే అంటాం) వచ్చారు, చాపల నిండా ఆడవాళ్లు వచ్చారు. ప్రార్థన ముగియవస్తుండగానే అందరి ముందూ టీ గ్లాసులు పెట్టేశాం. సరిగ్గా ఆమెన్ దగ్గర దీపం వెలిగింది. అయ్యగారికి హఠాత్తుగా వేరే ఇంట్లో ప్రార్థన గుర్తొచ్చింది. ఆయన వెనకే అందరూ వెళ్లిపోయారు. గ్లాసులు తీయడానికి వంగిన నాకు, చాప మీద వరసగా మిగిలిన గ్లాసుల్లో టీ సన్నగా అలలు కొడుతూ కనిపించింది. వెనక వీధి అవతల తెనాలి బండి స్టేషన్లోకి వస్తోంది. నేల అదిరితే దీపం వెలుగుతోందన్నమాట.

మర్నాడు ఆవిడ లేనప్పుడు టెస్టర్ తీసుకుని హోల్డరులో వదులైన వైరు బిగించాను. దీపం నిలకడగా, బుద్ధిగా వెలిగింది. నా అంతటిది లేదనుకున్నాను. సాయంత్రం బండి వచ్చింది, వెళ్లింది. సిస్టరమ్మ గారు కప్పు పట్టుకుని దీపం ముందు చాలాసేపు నిలబడ్డారు.

“ఎప్పుడూ వెలుగుతానే ఉంటే, వచ్చినట్టు ఎలా తెలుస్తుందమ్మాయ్?”

ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. నాకు ఏడుపొచ్చింది. చదువుకున్న తెలివితో ఒక మనిషిని రెండోసారి చంపినట్టనిపించింది. తెల్లవారగానే దొంగలా కూర్చుని అదే వైరు వదులు చేస్తుంటే, వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

“మరీ వదులు చెయ్యకు. వడ్ల లారీ వెళ్లినా వచ్చేస్తాడు.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నవ్వు మాత్రం ఆగలేదు.

ఆవిడ పోయేముందు ఇచ్చిన ఆ దీపం ఇప్పుడు బాపట్లలో మా ఇంట్లో ఉంది. ఇక్కడికి రైలు అదురు అందదు. వైరు నేనింకా బిగించలేదు. ఎప్పుడో ఒక సాయంత్రం అది ఉన్నట్టుండి వెలుగుతుంది. ఏదో లారీ వెళ్లుంటుందంటారు మా ఆయన. ఉద్యోగమంతా దయ్యాలు లేవని చెప్పి రిటైరైనదాన్ని, కారణం వెతకాలనే లేస్తాను. లేచి, వంటింట్లోకి వెళ్లి టీ పెడతాను. రెండు కప్పులు ఎక్కువే పెడతాను.