పెళ్ళి మైకులో గిల్టు నగల గ్యారంటీ

చేతికి మైకు, బుర్రకి మేనేజ్‌మెంటు ఒకేసారి దొరికితే మనిషి ఎంత ప్రమాదకరంగా తయారవుతాడో చెప్పడానికి ముదినేపల్లిలో ఇప్పటికీ నన్నే ఉదాహరణగా చూపిస్తారట. ఒక పెళ్ళిని, రెండు కుటుంబాల పరువుని, మా మావయ్య కొట్టుని కలిపి ఒక్క ప్రకటనతో గంగలో ముంచినంత పని చేసిన ఘనత నాది. అదెలా సాధ్యమని మీకు అనుమానం రావచ్చు. ఎందుకంటే మీరు ఇరవై ఒక్కేళ్ళ వయసులో ఉన్న నన్ను చూడలేదు. చూసినవాళ్ళకి ఏ అనుమానమూ లేదు.

అప్పుడు నేను మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. లేతు మిషనుకి ఇనుప ముక్క బిగిస్తే అది ఊడి నా వైపే ఎగిరొచ్చేది. వెల్డింగు చేస్తే అతకాల్సిన రెండు ముక్కలు తప్ప మిగతావన్నీ అతుక్కునేవి. అలాంటి నాకు ఆ ఏడాది బిజినెస్ మేనేజ్‌మెంట్, ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అనే సబ్జెక్టు వచ్చింది. అందులో ఇనుము లేదు, గ్రీజు లేదు, వేళ్ళు తెగే భయం లేదు. అంతా మాటలే. మొదటి క్లాసు పూర్తయ్యేసరికి నేను వ్యాపారవేత్త కావడానికే పుట్టానని తేలిపోయింది. తేల్చింది కూడా నేనే లెండి.

ఆ సబ్జెక్టు చెప్పే ప్రభాకర్ సారు ఇస్త్రీ మడత చెదరని మనిషి. "ఉద్యోగాల కోసం తిరిగేవాళ్ళు కాదయ్యా, నలుగురికి ఉద్యోగాలిచ్చేవాళ్ళు కావాలి మీరు" అని రోజూ అనేవారు. ఒకరోజు పెద్ద బాంబు పేల్చారు.

"తలా ఒక చిన్న వ్యాపారం ఎంచుకోండి. మనం చెప్పుకున్న సూత్రాలు పెట్టి దాన్ని పైకి తీసుకురండి. టర్మ్ చివర్లో నేనే వచ్చి చూసి మార్కులేస్తాను."

మావాళ్ళలో ఒకడు గుడివాడ బస్టాండులో సోడా బండిని ఎంచుకున్నాడు. ఇంకొకడు సైకిల్ షాపు. నేను మాత్రం బందరు పక్కన చిలకలపూడిలో ఉన్న మా కోటేశ్వర్రావు మావయ్య గిల్టు నగల కొట్టు మీద పడ్డాను.

మావయ్య పనితనం గురించి ఒక మాట చెప్పాలి. రాగి మీద పలచని బంగారు రేకు పొదిగి ఆయన కాసులపేరు చేస్తే, పక్కన పెట్టిన అసలుదే కాస్త బెంగగా కనిపించేది. కానీ మిషన్ల మీద పోతపోసిన సరుకు పై ఊళ్ళ నుంచి వచ్చి పడుతుండడంతో బేరాలు పల్చబడ్డాయి. ఆయన ఆశలన్నీ వచ్చే మాఘమాసం పెళ్ళిళ్ళ మీదే ఉన్నాయి.

"ఈ మాఘం కూడా ఎత్తిపోతే కొట్టు మూసేసి కృత్తివెన్ను వెళ్ళి రొయ్యల చెరువు కాపలా కాసుకోవడమేరా శీనూ" అన్నాడు. మావయ్యకి రొయ్యని చూస్తేనే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. పరిస్థితి ఎంత గడ్డుగా ఉందో మీరే అర్థం చేసుకోండి.

"నీకెందుకు మావయ్యా, నేనున్నాగా! నాలుగు 'పీ'లు సరిచేస్తే చాలు."

"ఏం పీలురా?"

"ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్."

మావయ్య కళ్ళు మెరిశాయి. ఇంగ్లీషు మాట చెవిన పడితే ఆయనకి వెంటనే నమ్మకం కుదురుతుంది. ఈ గుణం మా వంశంలోనే ఉంది. "నాలుగూ చేసెయ్యరా. మనకేం తక్కువ?" అన్నాడు.

ముందు ప్లేస్ పట్టుకున్నాను. ఆ కొట్టుకి వెనక సందులోకి ఒక తలుపు, దానికో ముదురు రంగు పరదా ఉండేవి. పెద్దింటి ఆడవాళ్ళంతా అటునుంచే వచ్చేవారు, అటే వెళ్ళేవారు. చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఇంత గొప్ప సరుకు ఉన్న కొట్టుకి దొడ్డిదారి వ్యాపారమా? వెనక తలుపుకి తాళం వేశాను. పరదా పీకి మసిగుడ్డ చేశాను. రోడ్డు వైపు పెద్ద అద్దాల బీరువా పెట్టించి, దాని మీద ట్యూబులైట్లు బిగించాను. కొట్లో ఎవరు కూర్చుని ఏ గొలుసు పెట్టుకు చూసుకుంటున్నారో బస్సులో వెళ్ళేవాళ్ళకి కూడా కనిపించేది.

వారం తిరక్కుండా ఉన్న బేరాలు కూడా పోయాయి. ఆడవాళ్ళు వచ్చేవారు, ట్యూబులైట్లు చూసేవారు, తలవంచుకుని పక్క కొట్టులో పిన్నీసులు కొనుక్కుని వెళ్ళిపోయేవారు.

"ఏంట్రా ఇది? పిన్నీసుల కొట్టోడు బాగుపడుతున్నాడు" అన్నాడు మావయ్య.

"ప్రమోషన్ లేదు మావయ్యా. మన సరుకు గొప్పదనం జనానికి తెలియట్లేదు."

ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు నెత్తి కొట్టుకుంటూ ఉంటారు. కొట్టుకోండి. ఆ తెలివి అప్పుడు నా దరిదాపుల్లో లేదు.

సరిగ్గా అప్పుడే ముదినేపల్లి నుంచి పద్మావతమ్మ గారు కబురు పంపారు. వాళ్ళవి చేపల చెరువులు. కూతురి పెళ్ళికి కాసులపేరు, వడ్డాణం, జుంకాలు, తనకి గాజులు కావాలన్నారు. వాళ్ళ బంగారం బ్యాంకులో ఉందట. ఎందుకుందని చెరువులున్న వాళ్ళనెవర్నీ అడక్కూడదు. ఆవిడ మెప్పు పొందితే చెరువుల వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ మనవేనని, మావయ్య రాత్రింబవళ్ళు కూర్చుని ఆ నగలు చేశాడు. పెళ్ళికి మమ్మల్ని కూడా పిలిచారు. "దూరపు బంధువులమని చెప్పండి, ఏం?" అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ పిలిచారు. ఆ మాట నేను కూడా విన్నాను. నా చెవులు బాగానే పనిచేసేవి. వాటికీ బుర్రకీ మధ్య దారే తెగిపోయి ఉంది.

పందిట్లో అడుగుపెట్టగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఎటు చూసినా పట్టుచీరలు, మెడలు. ప్రతి మెడా నాకు ఒక మార్కెట్ లాగా కనిపించింది. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలయ్యాయి, చదివింపులు మొదలయ్యాయి. పెళ్ళికూతురి బాబాయి మైకు పట్టుకుని ఎవరు ఎంత చదివించారో అరుస్తున్నాడు. అరిచి అరిచి గొంతు జీరబోయింది. "బాబూ, కాస్త ఈ మైకు పట్టుకో. నాలుగు ముద్దలు తినొస్తాను" అని నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

దేవుడే దిగివచ్చి ప్రమోషన్ చేసుకోమన్నట్టు అనిపించింది. రెండు చదివింపులు బుద్ధిగా చదివాను. మూడోసారి గొంతు సవరించుకున్నాను.

"బంధుమిత్రులకు ముఖ్య ప్రకటన! పెళ్ళికూతురి మెడలో ధగధగలాడుతున్న కాసులపేరు, నడుముకున్న వడ్డాణం, చెవి జుంకాలు, వారి అమ్మగారి చేతి గాజులు, ఇవన్నీ చిలకలపూడి కోటేశ్వర్రావు గారు స్వహస్తాలతో చేసిన గిల్టు నగలు! బంగారం కాదంటే మీరు నమ్మగలరా? రెండేళ్ళ గ్యారంటీ! రంగు మారితే ఉచితంగా మెరుగు పెట్టబడును! నమ్మకం లేనివారు దగ్గరికి వెళ్ళి చూసుకోవచ్చును!"

చప్పట్లు వస్తాయని ఒక క్షణం ఆగాను.

సన్నాయి ఆగిపోయింది. డోలు ఆగిపోయింది. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని తొంగి చూశారు. పెళ్ళికూతురు రెండు చేతులతో వడ్డాణం కప్పుకుంది. పద్మావతమ్మ గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. భోజనాల వరసలో మావయ్య, నోట్లో సగం కొరికిన పూర్ణం బూరెతో, కొయ్యబొమ్మలా ఉండిపోయాడు.

అంతలో అవనిగడ్డ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి రత్నకుమారి గారు లేచారు. మెడనిండా నగలు. ఆవిడ నడిచి వస్తుంటే జనం పక్కకి తప్పుకున్నారు. 'పెళ్ళి పెటాకులే' అని ఎవరో గొణిగారు. నాకు అప్పుడు తెలిసింది, నేను ఏం చేశానో. ఆవిడ నా దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగి రహస్యంగా అడిగారు.

"ఏంటబ్బాయ్, రెండేళ్ళ గ్యారంటీయా? మరి నాకు ఆర్నెల్లే అన్నాడేంటి ఆ కోటేశ్వర్రావు?"

మైకు నా చేతిలోనే ఉంది. స్విచ్ కట్టెయ్యాలన్న స్పృహ ఎవరికుంది? ఆ రహస్యం పందిరి చుట్టూ కొబ్బరిచెట్లకి కట్టిన మైకుల్లోంచి పంటకాలవ అవతల దాకా వినిపించింది.

తర్వాత ఒక్కొక్క చెయ్యీ ఒక్కొక్క మెడ మీదికి వెళ్ళింది. ముందు వరసలో అందరూ పైట సర్దుకున్నారు. పెళ్ళికొడుకు తన వేలి ఉంగరం వంక అనుమానంగా చూసుకున్నాడు. ఒక ముసలాయన పకపకా నవ్వేశాడు. దాంతో పందిరంతా గొల్లుమంది.

"వదినగారూ, మీరు కూడానా?" అన్నారు పద్మావతమ్మ గారు, ప్రాణం లేచొచ్చినట్టు.

"మరే! దారిలో దొంగల భయమండీ. అసలువి బ్యాంకులో పెట్టొచ్చాను."

"మావీ బ్యాంకులోనే ఉన్నాయండీ!"

ఇద్దరి బంగారమూ బ్యాంకులో క్షేమంగా ఉందని వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు ఓదార్చుకుని, చేతులు పట్టుకుని, ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

"ఇంతకీ ఈ అబ్బాయి ఎవరి తాలూకు?" అన్నారు రత్నకుమారి గారు.

మావయ్య పూర్ణం మింగి, నన్ను ఎగాదిగా చూసి, "ఏమోనండీ, నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు.

బందరు వెళ్ళే బస్సులో కూడా ఆయన అదే మాట మీద నిలబడ్డాడు. కండక్టరుతో "నాకొక్కడికే" అని టిక్కెట్టు తీసుకున్నాడు.

పెళ్ళి నిలబడింది కానీ కొట్టు పడింది. ఆ తర్వాత ఈగ కూడా వాలలేదు. మావయ్య పనిముట్లు నూనె రాసి పెట్టెలో సర్దుతుంటే చూశాను. కృత్తివెన్నులో చెరువు గలాయనతో ఫోనులో జీతం మాట్లాడుతుంటే విన్నాను. నిజం చెప్తున్నాను, ఆ రోజు గోడ వైపు తిరిగి ఏడ్చాను. నా మార్కులు గుర్తు రాలేదు. ఆయన చేతి పనితనమే కళ్ళముందు కనిపించింది. ట్యూబులైట్లు పీకేసి, వెనక తలుపు తాళం తీసి, కొత్త పరదా కొని కట్టాను.

పరదా కడుతుండగానే సందులో ఆటో ఆగింది. దిగినావిడ పద్మావతమ్మ గారు! మావయ్య నన్ను మెడపట్టి అటక మీదికి ఎక్కించాడు. పైనుంచి అన్నీ వినపడుతున్నాయి.

"కోటేశ్వర్రావు గారూ, మీ మేనల్లుడు ఉన్నాడా?"

"లేడమ్మా."

"నిజంగా లేడా?" ఆవిడ బల్ల కింద కూడా వంగి చూశారు.

"మీ మీద ఒట్టు, లేడమ్మా."

ఆవిడ సందులోకి తల పెట్టి పిలిచారు. "రండి వదినగారూ, ఆ కుర్రాడు లేట్ట!" ఆటోలోంచి రత్నకుమారి గారు దిగారు. వెనక ఇంకో ఆటో. దాంట్లోంచి పెళ్ళిలో పైట సర్దుకున్న ముందు వరస మొత్తం దిగింది. నగలు ఒకరివి ఒకరు కనిపెట్టలేనంత బాగున్నాయని పందిట్లో అందరి ముందూ రుజువైపోయిందట. వాళ్ళకున్న భయమల్లా నేనే. నేను అటక మీద తుమ్ము ఆపుకుంటూ, పాత ఇత్తడి బిందె కౌగిలించుకుని, సాయంత్రం దాకా పడుకున్నాను.

మర్నాడు మావయ్య వెనక తలుపు మీద స్వయంగా ఒక బోర్డు రాసి తగిలించాడు: "మా మేనల్లుడు కొట్లో ఉండడు."

ఆ మాఘమాసం ఆయనకి అన్నం తినడానికి తీరిక దొరకలేదు.

టర్మ్ చివర్లో ప్రభాకర్ సారు మార్కులేయడానికి వచ్చారు. బోర్డు చదివారు. సందులో ఆగిన ఆటోలని చూశారు. జరిగిందంతా మావయ్య నోట విని, పొట్ట పట్టుకుని నవ్వారు.

"ప్రమోషన్ అంటే ఇదయ్యా! ఈ ఐడియా నీదేనా?"

"మావయ్యదండి."

"మరి నీ పాత్ర?"

"లేకపోవడమేనండి."

"సరే, పాస్ చేస్తున్నాను." సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నువ్వు కాసేపు అలా రోడ్డు మీదికి వెళ్ళి నిలబడవయ్యా." నేను వెళ్ళగానే ఆయన పరదా ఎత్తుకుని లోపలికి వెళ్ళారు. కాసేపటికి జేబు తడుముకుంటూ, ఇస్త్రీ చెదరకుండా బయటికొచ్చి, నా వంక చూడకుండా బస్టాండు వైపు నడిచారు.

కొన్నాళ్ళకి సముద్రం వైపు తిరిగి, చెయ్యి ముందుకి చాచి ప్రమాణం చేశాను. ఇక జన్మలో పెళ్ళి మైకు ముట్టుకోను. ఎవరి ఒంటి మీద ఏ నగ ఉన్నా నోరు విప్పను. మరీ ముఖ్యంగా, ప్రభాకర్ సారు తమ పెళ్ళిరోజుకి వాళ్ళావిడకి అసలు బంగారమని చెప్పి ఇచ్చిన ఆ ముత్యాల జుంకాలు మా మావయ్య కొట్లోవేనన్న సంగతి, చచ్చినా, ఎవ్వరికీ చెప్పను.