పిడి వెనక మీట

ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా పిస్టల్‌కి వేసే నూనె వాసన వేళ్లను వదలదు. ఆదివారం క్లబ్బు నుంచి ఆక్లాండ్ శివార్లలో, ఫ్లాట్ బుష్‌లోని ఇంటికొచ్చి పప్పన్నం కలుపుకుంటుంటే ముక్కుకి తగులుతుంది. వెంటనే మస్తాన్ అంకుల్ గుర్తొస్తారు. కడప మనిషి. మన సైన్యంలో ఆయుధాల మరమ్మతు పని చేసి రిటైరయ్యారు. కూతురి దగ్గర ఉందామని న్యూజిలాండ్ వచ్చి, మా పిస్టల్ క్లబ్బులో కొత్తవాళ్లకు నేర్పేవారు. ఆఫీసులో కోడ్ రాసుకునే నాకు అది సరదాగా మొదలై పిచ్చిగా ముదిరింది.

ఆయనకో అలవాటు ఉండేది. లోపల తూటా లేదని తెరిచి చూపించాక కూడా చిటికెనవేలు పెట్టి తడిమి చూసేవారు. "నా మీద నమ్మకం లేదా అంకుల్?" అని ఒకసారి ఉడుక్కున్నాను. "నిన్ను నమ్మినా గదప్పా. దాన్నే నమ్మలా," అన్నారు.

నా పిస్టల్ పిడి వెనక ఒక మీట ఉంది. అరచెయ్యి దాన్ని గట్టిగా అదిమితేనే ట్రిగ్గర్ పనిచేస్తుంది. నా చెయ్యి చిన్నది. పోటీ తొందరలో పట్టు కుదరక రెండుసార్లు పేలలేదు, పతకం చేజారింది. మిక్సీ లాక్ పాడైతే పుల్ల గుచ్చి నడిపించే ఇంట్లో పెరిగినవాణ్ణి కదా, తయారుచేసినవాడికంటే నాకే ఎక్కువ తెలుసనిపించింది. గరాజ్‌లో కూర్చుని ఆ మీట పనిచేయకుండా చేసేశాను. తర్వాతి ఆదివారం, తూటాలు నింపిన పిస్టల్‌ని నడుముకున్న తోలు ఒరలో పెట్టబోతుంటే జాకెట్ తాడు ట్రిగ్గర్‌కి తగులుకుంది. ట్రిగ్గర్ కదలకుండా ఆపే మీట ఇంకొకటి పిస్టల్ పక్కన ఉంటుంది, అది వేయడం తొందరలో మరిచాను. అలాంటి మరుపును కాయడానికే పిడి వెనక మీట ఉండేది. పేలింది. తూటా అంకుల్ బూటుకి జానెడు దూరంలో మట్టిలో దిగింది.

"ఏం చేసినావు దీనికి?" అన్నారు.

"ఏం చేయలేదంకుల్. అదే పేలింది." అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆయన తూటాలు తీసేసి, పిడి వెనక మీటని బొటనవేలితో నొక్కి చూశారు. అరవలేదు. బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. "మిలిట్రీలో ఉన్నప్పుడు ఒక ఆఫీసరు, మీట గట్టిగా ఉండాది తీసెయ్ అంటే, ఇట్లాంటిదే తీసిచ్చినా. నెల తిరక్కుండా ఆ పిస్టల్ కింద పడి పేలి, నా పక్క మంచం వాడు పోయినాడు. ప్రమాదమని రాసుకున్నారు. నేను నోరు మూసుకున్నా. వాళ్లమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఈ చేతులేనప్పా." పిస్టల్‌ని పెట్టెలో పెట్టి లేచారు. "కమిటీ దగ్గరికి పోదాం రా. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"లైసెన్సు పోతుందంకుల్."

"పోనీలే. మనిషి పోలేదు గదా."

నేనే చెప్పాను. లైసెన్సు పోయింది. మళ్లీ చేతికి రావడానికి మూడేళ్లు పట్టింది. మనవాళ్ల పార్టీల్లో నేను కనబడితే గుసగుసలు ఆగిపోయేవి. ఆ మూడేళ్లూ అంకుల్ ప్రతి ఆదివారం మా ఇంటి దగ్గర ఆగి టీ తాగి వెళ్లేవారు. ఒక్కసారీ దాని ఊసెత్తలేదు. ఆయన పోయి రెండేళ్లవుతున్నా, ఆ టీ వేళకి నాకు ఏడుపొస్తుంది.

కొత్తవాళ్లకు నేర్పే పని ఇప్పుడు నాది. మొదటి రోజే ఈ సంగతి చెప్తాను. 'ఎవరో ఒకాయన' అని చెప్పి తప్పించుకోవచ్చు. నేనేనని చెప్తాను. ఆ మాట వినగానే వాళ్లు నా నుంచి ఒక అడుగు వెనక్కి జరుగుతారు. ప్రతిసారీ సిగ్గేస్తుంది. అయినా చెప్తాను.