వంటగదిలో పెట్టమన్న పళ్ళెం

ఆ చలికాలమంతా నెవెనా కుత్సరోవా పొద్దున్నే తన ఆఫీసుకి వెనకదారిన వెళ్ళేది. చెత్తడబ్బాలు దాటి, సైకిళ్ళు పెట్టుకునే సెల్లార్ తలుపు తోసుకుని, గోడ తడుముకుంటూ మెట్లెక్కేది. ఆ భవనం ముందు తలుపు మీద, ఆ శరదృతువులో పోయిన స్తామెన్ బాబాయి ఫొటో ఉండేది. నల్ల అంచు కాగితం, పేరు, "నిన్ను మరువలేం" అన్న మాట. ఆ ప్లోవ్‌దివ్ ఊళ్ళో మనిషి పోయిన ప్రతి ఇంటి తలుపు మీదా ఉండేదే. కానీ ఆ ముసలాయన కళ్ళు తనని ఏదో అడుగుతున్నట్టు నెవెనాకి అనిపించేది.

ఆయన ఆమెకు పరాయివాడు కాదు. చిన్న బేకరీలు ఫోన్లో ఆర్డర్లు తీసుకునే ప్రోగ్రామ్ ఒకటి చేద్దామని నెవెనా, ప్రోగ్రాములు రాసే ల్యూబెన్ కలిసి మూడో అంతస్తులో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. ఆ పై ఇంట్లోనే ల్యూబెన్, అతని అమ్మానాన్నా ఉండేవారు. ట్రాలీబస్సు నడిపి రిటైరైన అతని నాన్న స్తామెన్, తోటలో కాసిన టమాటాలు పట్టుకుని దిగి వచ్చేవాడు.

"ఏం పిల్లలూ, ఆ పెట్టెలకి కూడా ఆకలేస్తుందా, మీకేనా?"

"మాకే బాబాయ్, పెట్టెలకి కరెంటు చాలు," అనేది నెవెనా.

కంపెనీ పెరుగుతుంటే ఆమెకు భయం పట్టుకుంది. తన కింద పనిచేసేవాళ్ళ మనసు తెలుసుకోవాలని సోఫియాలో కొత్త కంపెనీల యజమానులకు పెట్టిన శిక్షణకి వెళ్ళింది. వస్తూ ఒక పద్ధతి తెచ్చింది. పొద్దున ప్రతివాళ్ళూ తమ పేరు పక్కన రంగు బిళ్ళ అంటించాలి. పచ్చ అయితే బాగున్నట్టు, పసుపు అయితే కొంచెం కష్టంగా ఉన్నట్టు, ఎరుపు అయితే ఎవరైనా మాట్లాడాలని.

శరదృతువులో స్తామెన్ గుండె ఆగి పోయాడు. ఖననం మర్నాడే ల్యూబెన్ ఆఫీసుకొచ్చి పచ్చబిళ్ళ అంటించాడు. నెవెనా దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంది. ఆఫీసు పనులు చూసే రుమ్యానా మాత్రం ఆమెను పక్కకి లాగింది.

"నువ్వు ఆ బిళ్ళనే చదువుతున్నావా, మొహం కూడా చదువుతావా?"

"తనే పెట్టుకున్నాడు కదే. కాదని అతన్ని అవమానించనా?"

స్తామెన్ పోయిన నలభయ్యో రోజున ల్యూబెన్, పోయినవారి పేర పంచే ఉడికించిన గోధుమల పళ్ళెం పట్టుకొచ్చాడు. పైన తెల్లటి చక్కెరపొడి, దాని మీద బాదం పప్పులతో శిలువ. అది అందినవాళ్ళు "దేవుడు ఆయన్ని క్షమించుగాక" అని ఒక చెంచా తినాలి. పోయినవాళ్ళకి చేరేది ఆ చెంచాడేనని నమ్మకం. ఆ పొద్దునే వియన్నా నుంచి పెట్టుబడిదారులు వస్తున్నారు. గుమ్మం దగ్గర లిఫ్టు చప్పుడైంది.

"ల్యూబెన్, వాళ్ళొచ్చేశారు. వంటగదిలో పెట్టవా? వెళ్ళిపోయాక అందరం కూర్చుని తిందాం."

"తర్వాతా?"

"కాసేపే. ఏమనుకోకు. బానే ఉన్నావుగా?"

"పచ్చ," అన్నాడు ల్యూబెన్.

వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్ళారు. వంటగదిలో పళ్ళెం లేదు. అతను దాన్ని తిరిగి పైకి తీసుకుపోయాడు.

ఆ తర్వాత ల్యూబెన్ పనికి తప్ప నోరు విప్పలేదు. నెవెనాకి మాత్రం పైనుంచి అడుగులు వినపడసాగాయి. కుడికాలు ఈడుస్తూ, చెప్పు నేలకి రాస్తూ నడిచే స్తామెన్ నడక. ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగి పైకప్పు వంక చూసేది. ఇంకెవరికైనా వినిపిస్తోందా అని అడగడానికి ధైర్యం చాలలేదు. వసంతం వచ్చేసరికి ల్యూబెన్ వచ్చే నెలలో మానేస్తున్నానని చెప్పాడు. కారణం అడిగితే, "వర్నాలో పని దొరికింది" అన్నాడు. అతను పోతే ప్రోగ్రామ్ సగం పోయినట్టే. కానీ ఆమె నిద్ర చెడగొట్టింది అది కాదు. తను అతన్ని ఎక్కడ పోగొట్టుకుందో ఆమెకు తెలుసు. అతనితో ఆ మాట అనలేకపోవడమే ఆమెను తినేస్తోంది.

స్తామెన్ పోయిన ఆరునెలల తిథి నాటి మధ్యాహ్నం నెవెనా పై అంతస్తుకి ఎక్కింది. లోపల అవే అడుగులు తలుపు దాకా వచ్చాయి. ఆమె ఒళ్ళు గగుర్పొడిచింది. తలుపు తీసింది ల్యూబెన్ అమ్మ జ్లాత్కా పిన్ని. కాళ్ళకు భర్త పాత చెప్పులు.

"పెద్దవైపోయాయే అమ్మా నాకు, ఈడ్చుకుంటూ నడవాలి," అంది జ్లాత్కా. "అయినా పారేయబుద్ధి కాలేదు. రా, నిలబడ్డావేం?"

బల్ల దగ్గర ల్యూబెన్ కూర్చుని ఉన్నాడు. నెవెనా దారిలో అనుకుంటూ వచ్చిన వాక్యం తీసింది.

"ఆరోజు నీకెలా అనిపించి ఉంటుందో నాకు అర్థమవుతోంది..."

"అవదు. అది శిక్షణలో నేర్పిన మాట. నువ్వు మాట్లాడుతున్నట్టు లేదు."

జ్లాత్కా ఆ తిథికి చేసిన గోధుమల పళ్ళెం ముందుకు జరిపి, చెంచా చేతికిచ్చింది. నెవెనా, "దేవుడు ఆయన్ని క్షమించుగాక," అని గోధుమలు నోట్లో పెట్టుకుంది.

"ఆరోజు నన్ను కాసేపు ఆగమంటే ఆగేవాణ్ణి," అన్నాడు ల్యూబెన్, గొంతు పెంచకుండా. "నువ్వు వంటగదిలోకి పంపింది మా నాన్నని. ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారని, ఆయన్ని ఎరిగిన నువ్వు."

"అవును. పంపాను."

తర్వాత జ్లాత్కా ఆయన ట్రాలీబస్సు రోజుల సంగతి ఏదో ఎత్తుకుంది. ల్యూబెన్ దాన్ని సరిదిద్దాడు. తల్లీకొడుకులు నవ్వుకున్నారు. నెవెనా విన్నది. పొద్దు వాలే వేళకి లేచి అడిగింది.

"ఉంటావా ల్యూబెన్?"

"ఉండను. కానీ నువ్వు రావడం మంచిదైంది."

అతను వర్నా వెళ్ళిపోయాడు. అతని పని ఇప్పుడు ఇద్దరు చేస్తున్నారు. ఆ ఇద్దరినీ ఎంచుకున్నది, బిళ్ళలు కాక మొహాలు చదివే రుమ్యానా. కంపెనీలోకి మనుషుల్ని తీసుకునే పని నెవెనా ఆమెకే అప్పగించింది.