పొలిమేర దగ్గర ఆగిన తట్టు టీకా

మొన్న మనుమడికి తట్టు టీకా వేయించడానికి కోడలితో కలిసి ఖమ్మంలో పిల్లల దవాఖానాకు పోయాను. గోడల మీద ఏనుగుల బొమ్మలు, చల్లటి గది, వరుసలో చంటిపిల్లల తల్లులు. కోడలి ఫోనుకు ముందురోజే మెసేజి వచ్చింది, మేము పోయాం, సూది పడింది, పిల్లవాడు కాస్త ఏడ్చి ఊరుకున్నాడు, అంతే, పని అయిపోయింది. ఇంత తేలికా అని నేను అక్కడి బల్ల మీదే కూర్చుండిపోయాను. పోదాం పా అత్తమ్మా అని కోడలు ఎన్నిసార్లు పిలిచిందో, నాకు వినిపించలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నా కాపురం దమ్మపేట అవతల అడవి అంచు ఊళ్ళో ఉండేది. ఆ వైపు బతికినవాళ్ళకు చెప్పనక్కరలేదు, వాన పడితే వాగు, ఎండ కాస్తే దుమ్ము, బస్సు ఎక్కాలంటే నడక. టీకాల సిస్టరమ్మ నెలకొకసారి మంచు డబ్బా భుజాన వేసుకొని వాగు దాటి వచ్చేది. మహా మాటకారి, పిల్లల ఏడుపు మధ్యనే మా కూరల సంగతి అడిగేది, మా అత్త పెట్టే చింతకాయ తొక్కు కోసమే ఇంత దూరం నడుస్తున్నానని నవ్వేది.

ఒక ఎండాకాలం పక్క ఊళ్ళో పిల్లలకు తట్టు పోసింది. మా ఊరి పెద్ద మా మామే. ఆయన తోడబుట్టినవాళ్ళు చిన్నప్పుడు ఆ తట్టుతోనే పోయారట, అందుకని ఆ పేరు వింటే చాలు ఆయనకు అన్నం దిగేది కాదు. వెంటనే ముత్యాలమ్మకు పండుగ పెట్టి పొలిమేర కట్టించాడు. ఊరి బాటకు అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టి, పసుపునీళ్ళు చల్లి, పండుగ ముగిసేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదని, బయటివాళ్ళు లోపలికి రాకూడదని చాటింపు వేయించాడు. జబ్బు ఆ తాడు దగ్గరే ఆగిపోవాలని ఆయన ఆశ.

సిస్టరమ్మ కూడా ఆ తాడు దగ్గరే ఆగిపోయింది.

మా తోడికోడలి కూతురికి అప్పుడే తొమ్మిదో నెల నిండింది, సరిగ్గా తట్టు టీకా వేసే వయసు. కబురు విని తోడికోడలు పిల్లను చంకన వేసుకొని బాట మీదికి ఉరికింది, వెనకాలే నేను. మామ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. సిస్టరమ్మ కోపం చేయలేదు.

"మీ కట్టు నేను దాటను పెద్దయ్యా. పిల్ల చెయ్యి ఒక్కటి ఇటు పెట్టుండ్రి, ఇక్కడినుంచే సూదేస్త," అంది.

మామ చాలాసేపు ఆ చిన్న చేతి వంకే చూశాడు. మనుమరాలంటే ఆయనకు ప్రాణం. దాన్ని కాసేపు ఆడించనిదే పొద్దున చేనుకు పోయేవాడు కాదు. ఆయన ఎదుట నోరెత్తి ఎరగని మా తోడికోడలు, ఆ రోజు కొంగు సర్దుకొని అడిగింది.

"చెయ్యే కదా మామా. చెయ్యి దాటితే ఊరు దాటినట్టా?"

"నా ఇంటి పిల్ల కోసం నేనే కట్టు తప్పితే, ఇగ ఊర్ల ఎవరు ఆగుతరు బిడ్డా? పండుగ ఎల్లనీ, నేనే ఎత్తుకపోయి ఏపిచ్చుకొస్త."

సిస్టరమ్మ తాడు అవతల ఉన్న ఇప్పచెట్టు నీడన ఎండ ముదిరేదాకా కూర్చుంది. మంచు కరిగితే మందు పనికిరాదని, ఇంకో ఊళ్ళో పిల్లలు ఎదురుచూస్తుంటారని చెప్పి చివరికి లేచి వెళ్ళింది.

మామ మాట తప్పలేదు, పండుగ కాగానే పిల్లను ఎత్తుకొని దమ్మపేట దవాఖానాకు పోయాడు. కాని అది టీకాల రోజు కాదట, వచ్చే వాయిదాకు రమ్మన్నారు. ఆ వాయిదా రాకముందే పిల్ల ఒళ్ళు కాలింది, చెవుల వెనకనుంచి ఎర్రటి దద్దు దిగింది, దగ్గు గుండెల్లోకి పోయింది. జీపు కిరాయికి మాట్లాడి ఖమ్మం చేర్చేసరికే ఊపిరి అందడం లేదు. డాక్టర్లు చేయవలసిందంతా చేశారు. పిల్ల దక్కలేదు.

మామను ఎవరూ ఒక్క మాట అనలేదు, తోడికోడలు కూడా. అదే ఆయనను లోపల తినేసిందనుకుంటాను. మరోసారి పొలిమేర కట్టాలని ఊరు కూడినప్పుడు, కట్టుకోండి గాని సిస్టరమ్మకు బాట విడవండి అని కబురంపి, తాను గడప దాటి రాలేదు.

ఇప్పుడు వాగు మీద వంతెన పడింది, ఇంటింటికీ వచ్చి టీకాలకు పిలుస్తున్నారు, ఈ కాలపు తల్లులు తట్టును కళ్ళతో చూసి ఉండరు. చూడకపోవడమే మేలు. ఆ మేలు ఇంకాస్త ముందు మా బాట పట్టి ఉంటే అని మాత్రం అనిపిస్తుంది. మా తోడికోడలికి తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, మీసాలొచ్చినవాళ్ళయ్యారు. పిల్లలెందరమ్మా అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, ఆమె ఇప్పటికీ ముగ్గురనే చెబుతుంది.